వేళ్లా, పాదాలా, వేళా? గుండ్లెక్కే విద్యపై మూడు వాదాలు

సికింద్రాబాద్ కార్ఖానా ప్రాంతానికి తూర్పున మౌలాలి గుట్ట. ఉత్తరాన మేడ్చల్ దారిలో, పేరులోనే గుండ్లు మోస్తున్న గుండ్లపోచంపల్లి. పడమట, నగరం ఆ చివరన ఖాజాగూడ. ఎటు పోయినా రాయి తగులుతుంది. ఈ నేలకు గుండు కొత్త కాదు, గుండెక్కడం ఒక ఆట కావడమే కొత్త. మూడు నాలుగు మీటర్ల గుండును తాడు లేకుండా, ఒట్టి చేతులతో, రబ్బరు అడుగు బూట్లతో ఎక్కాలి. కింద పరుపులాంటి క్రాష్ ప్యాడ్ ఉంటుంది. పడితే ఒంటిని ఆ ప్యాడ్ మీదికి మళ్లించడానికి పక్కన ఒకరు నిలబడతారు. బౌల్డరింగ్ అంటే ఇంతే.

ఆట చిన్నదే, దాని చుట్టూ వాదం మాత్రం పెద్దది. ఇంకా బాగా ఎక్కాలంటే ఏం చేయాలి? వేళ్లకు బలం పెంచుకోమని ఒకరంటారు. చేతుల సంగతి మరిచి పాదాలు చూసుకోమని మరొకరు. ఆ రెండూ తర్వాత, ముందు ఏ పూట వెళ్తున్నావో, ఎన్నిసార్లు ప్రయత్నిస్తున్నావో, మధ్యలో ఎంతసేపు కూర్చుంటున్నావో చూసుకొమ్మని ఇంకొకరు. వేళ్లు, పాదాలు, వేళ అని వీటిని మూడు పక్షాలుగా చెప్పుకోవచ్చు. ప్రపంచంలోని శిక్షణ పద్ధతులన్నీ ఫోన్లోకి వచ్చిపడ్డాక ఏది ఏ రాయికి పుట్టిన సలహానో తెలియకుండా పోయింది. ఎవరి మాట ఎక్కడి నుంచి వచ్చింది, అందులో మన రాయికి పనికొచ్చేదెంత అన్నది ఒకసారి తూచి చూడవలసిన సమయమిది.

ఆట పుట్టిన చోట్లు

పారిస్‌కు దక్షిణాన ఫాంటెన్‌బ్లో అడవిలో ఇసుకరాతి గుండ్లున్నాయి. ఆల్ప్స్ పర్వతాలెక్కేవాళ్లు సెలవు రోజున అక్కడికి వెళ్లి సాధన చేసేవారు. వారిలో పియర్ అలాం ఒకడు. రాయిని పట్టుకునే నునుపు రబ్బరు అడుగున్న బూట్లను రూపొందించిన తొలి వ్యక్తుల్లో ఆయన పేరు చెబుతారు. 1940ల చివర్లో అక్కడి గుండ్ల మీద రంగు గుర్తులు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటి వరసగా ఎక్కే సర్క్యూట్లు మొదలుపెట్టారు. ఒకే గుండు మీద రోజంతా కుస్తీ పట్టకుండా ఒక్క పూటలో పదుల గుండ్లెక్కే అలవాటు అలా వచ్చింది. పాదాల పక్షానికి పుట్టిల్లు ఇదే.

అమెరికాలో జాన్ గిల్ దారి వేరు. ఆయన గణిత ఆచార్యుడు, జిమ్నాస్టు. 1950ల్లో జిమ్నాస్టులు అరచేతులకు పూసుకునే మెగ్నీషియం కార్బొనేట్ పొడిని, వారి ఎగురుడు కదలికలను రాయి మీదికి తెచ్చాడు. 1969లో అమెరికన్ ఆల్పైన్ జర్నల్‌లో ఆయన వ్యాసం వచ్చింది. గుండెక్కడం పర్వతానికి రిహార్సల్ కాదు, తనంతట తానే ఒక కళ అన్న మాటకు బలం వచ్చింది గిల్ తోనే.

జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ గులిష్ 1988లో నురెంబర్గ్‌లోని క్యాంపస్ అనే జిమ్‌లో ఏటవాలు పలకకు కర్రముక్కలు బిగించి, కాళ్లు ఆనించకుండా వేళ్లతోనే పైకి పాకే సాధన మొదలుపెట్టాడు. ఆ పలకకు క్యాంపస్ బోర్డు అనే పేరు స్థిరపడింది. 1991లో ఆయన ఎక్కిన యాక్షన్ డిరెక్ట్ అనే దారి ఆ సాధనకు ప్రచారం తెచ్చింది. వేళ్ల పక్షం జెండా ఎత్తింది అక్కడ.

1990ల్లో క్రాష్ ప్యాడ్లు వాడుకలోకి రావడంతో పడటం మీద భయం తగ్గింది, ఒకే కదలికను పదేపదే ప్రయత్నించే వీలు దొరికింది. జాన్ షెర్మన్ పేరు మీద నడిచే వీ స్కేల్ కష్టానికి అంకెలు తగిలించింది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో బౌల్డరింగ్ మరో రెండు విభాగాలతో కలిసి అడుగుపెట్టింది.

తెలుగు నేల మీదికి ఈ విద్య రెండు దారుల్లో వచ్చింది. ఒకటి పర్వతారోహణ. భువనగిరి ఏకశిల మీద తాళ్లతో రాతి శిక్షణ పొందిన గురుకుల విద్యార్థుల్లో మాలావత్ పూర్ణ 13 ఏళ్ల 11 నెలల వయసులో, తోటి విద్యార్థి ఆనంద్ కుమార్‌తో కలిసి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఈ సంప్రదాయంలో రాయి పర్వతానికి మొదటి మెట్టు. క్రమశిక్షణ, తాడు, గురువు మాట ఇక్కడ ముఖ్యం. రెండో దారి హంపీ. అమెరికన్ క్లైంబర్ క్రిస్ షర్మా హంపీ గుండ్లెక్కిన తీరును చూపిన పిల్‌గ్రిమేజ్ సినిమా 2003లో వచ్చింది. ఆ తర్వాత ప్రపంచం నలుమూలల నుంచీ యువకులు ప్యాడ్లు భుజాన వేసుకుని తుంగభద్ర ఒడ్డుకు చేరడం మొదలైంది. అక్కడ గురువూ లేడు, తాడూ లేదు, రాయే గురువు. హైదరాబాద్ క్లైంబర్లలో ఈ రెండు వారసత్వాలూ కలగలిసి ఉన్నాయి. వాదం చిక్కుపడటానికి ఇదీ ఒక కారణం.

మన రాయి అడిగేదేమిటి?

ఏ పక్షం మాట వినాలో తేల్చుకునే ముందు రాయిని చూడాలి. హైదరాబాద్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నేల లోపలే పగుళ్ల వెంట నీరు ఇంకి, మూలలు అరిగి, మధ్యలో గట్టి ముద్దలు మిగిలాయి. పైమట్టి కొట్టుకుపోయాక బయటపడ్డవే ఈ గుండ్లు. బయటికొచ్చాక కూడా ఉల్లిపొరల్లా పెచ్చులు విడుతూనే ఉంటాయి.

ఎక్కేవారికి దీనివల్ల మూడు సంగతులు ఎదురవుతాయి. మొదటిది, ఏటవాలు పలకలు. చేతికి అందేది ఏమీ ఉండదు, కాలి కింద గరుకు తప్ప. రెండోది, గుండ్రటి శిరస్సు. చివర్లో పట్టుకోవడానికి అంచు దొరకదు. దిగుడుబావిలో ఈత కొట్టినవాడు గట్టు మీద అరచేతులు మోపి లేచినట్టు ఒళ్లు పైకి తెచ్చుకోవాలి. మాంటెల్ అనే ఈ కదలిక దగ్గరే చాలామంది ఆగిపోతారు. మూడోది, పెచ్చులు. చూడటానికి బలమైన పట్టులా కనిపించే పెచ్చు వెనక ఖాళీ ఉండొచ్చు. వేలి కణుపుతో కొడితే గట్టి రాయి 'టక్'మంటుంది, విడిన పెచ్చు డొల్లగా మోగుతుంది. రాళ్లు కొట్టే వడ్డెరలకు రాయి మోతను బట్టి దాని గుణం పోల్చుకోవడం పనిలో భాగం. క్లైంబర్లు వారి నుంచి నేర్చుకోదగ్గ మొదటి పాఠం అదే.

వేళ్ల పక్షం

ఈ పక్షం వాదన సూటిగా ఉంటుంది. పట్టు నిలవకపోతే ఎంత నేర్పున్నా ఒళ్లు కిందికే. వేలి బలాన్ని కొలవొచ్చు, పెంచొచ్చు, పెరిగిందో లేదో నెలకోసారి చూసుకోవచ్చు. అంచుగల చెక్కకు పది సెకన్లు వేలాడి, మూడు నిమిషాలు ఆగి, మళ్లీ వేలాడటంలాంటి పద్ధతులు ఇందుకే పుట్టాయి. స్పెయిన్‌కు చెందిన ఈవా లోపెజ్ వంటి పరిశోధకులు వీటికి లెక్కలు కట్టారు.

2000లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనాన్ని ఈ పక్షం తరచూ ముందు పెడుతుంది. 44 మంది క్లైంబర్లను పరీక్షిస్తే, వారి మధ్య ప్రతిభలో ఉన్న తేడాలో సుమారు 59 శాతం శిక్షణతో మారే గుణాల నుంచి వచ్చింది. ఎత్తు, బరువు వంటి శరీర కొలతల వంతు 0.3 శాతమే. పొట్టివాళ్లకు, భారీ మనుషులకు ఇది ధైర్యం చెప్పే మాట. అయితే ఆ పరీక్ష జరిగింది భవనం లోపల కట్టిన కృత్రిమ గోడ మీద, గుట్ట మీద కాదు. పైగా నలభై శాతం దాకా తేడా లెక్కకు అందనే లేదు. ఎదుటి పక్షం వేలు పెట్టేది సరిగ్గా ఆ నలభై మీదే.

ఈ దారిలో ప్రమాదమూ ఉంది. వేలి ఎముకకు స్నాయువును అంటిపెట్టి ఉంచే ఉంగరాల్లాంటి కట్లు ఉంటాయి. వేళ్లను మడిచి, బొటనవేలితో పైనుంచి నొక్కిపట్టే క్రింప్ పట్టులో వాటి మీద భారం విపరీతం. కండరం వారాల్లో బలపడుతుంది, ఈ కట్లు బలపడటానికి నెలలు, ఏళ్లు పడుతుంది. ఆటలో చేరిన ఆరు నెలలకే బోర్డుకు వేలాడినవారికి ఉంగరపు వేలు వాయడం అందుకే. ఎదిగే వయసు పిల్లల్లో వేలి ఎముక చివర్లు ఇంకా గట్టిపడవు. క్యాంపస్ బోర్డు మీద ఎగిరి పట్టుకునే సాధన వారికి తగదని వైద్యులు హెచ్చరిస్తారు.

పాదాల పక్షం

చేతులు వేలాడటానికి, కాళ్లు ఎక్కడానికి అంటుంది ఈ పక్షం. మనిషి నిచ్చెనెక్కేటప్పుడు చేతులతో లాక్కోడు, కాళ్లతో లేస్తాడు. రాయి దగ్గరికి రాగానే భయం కొద్దీ ఆ సంగతి మరిచిపోతాడు.

మన ఏటవాలు పలక మీద ఈ మాట ఎంత నిజమో దగ్గరి నుంచి చూస్తే తెలుస్తుంది. కొత్తగా ఎక్కేవాడు జారతానన్న భయంతో రాయిని కౌగిలించుకుంటాడు. పొట్ట రాయికి ఆనుతుంది, పాదం మీది బరువు పక్కకు తోసుకుపోతుంది, మడమ పైకి లేస్తుంది, బూటు జారుతుంది. జారాక వాడు మరింత గట్టిగా కౌగిలించుకుంటాడు. తెలిసినవాడు దీనికి వ్యతిరేకంగా చేస్తాడు. నడుమును రాయి నుంచి వెనక్కి తెస్తాడు, బరువు తిన్నగా పాదం మీద పడుతుంది. మడమ దించుతాడు, ముందరి రబ్బరు మరింత మేర రాయిని తాకుతుంది. చెయ్యి తూకం కోసమే ఆనుతుంది. బియ్యపు గింజంత ఫెల్‌స్పార్ పలుకు మీద బొటనవేలి లోపలి అంచు మోపి, ఇక దాన్ని కదపకుండా లేస్తాడు. పాదం పెట్టాక సర్దుకోవడం మొదలైతే ఆ పలుకు మీద నిలవడం కల్ల.

ఈ పక్షం చెప్పే సాధనలకు ఖర్చు లేదు. పాదం చప్పుడు కాకుండా మోపడం ఒకటి. సులువైన పలకను చేతులు వెనక్కి కట్టుకుని ఎక్కడం ఇంకొకటి. తెలిసిన దారినే రెండుసార్లు, రెండోసారి తక్కువ శ్రమతో ఎక్కడం మూడోది. స్కాట్లండ్ క్లైంబర్ డేవ్ మెక్లియడ్ తన పుస్తకంలో ఎక్కువమందిని ఆపేది బలహీనత కాదు, పాతుకుపోయిన అలవాట్లే అన్నది కూడా ఈ దారిలోనిదే.

లోపం లేకపోలేదు. ముందుకు వంగి కప్పులా ఉండే గుండ్ల కింద పాదం ఎంత తెలివైనదైనా వేళ్లు నిలవనిదే పని జరగదు. పైగా 'టెక్నిక్' అన్న మాటను కొలవడం కష్టం. బలాన్ని అంకెల్లో చూపొచ్చు, నేర్పును చూసినవాడు చెప్పాలి. ఆ చూసేవాడు లేని చోట ఏళ్లు గడిచినా తప్పు తప్పుగానే ఉండిపోతుంది.

వేళ పక్షం

ఈ మూడో పక్షానికి బడి పేరు లేదు, దాని మాటలు అనుభవంలోంచి వచ్చినవి. బలమూ నేర్పూ ఒక్క రోజులో మారవు కానీ, ఆ ఒక్క రోజును వాడుకునే తీరు ఇవాళే మార్చుకోవచ్చు అంటుంది.

మొదటిది వాతావరణం. వేలికీ రాయికీ మధ్య పట్టును చెమట చెడగొడుతుంది. హైదరాబాద్‌లో మే నెల పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా వెళ్తుంది, డిసెంబరు తెల్లవారుజాము 14, 15 డిగ్రీలకు దిగుతుంది. మేలో రాని కదలిక డిసెంబరులో రావడానికి కొత్త బలం అక్కర్లేదు. గ్రానైట్ వేడిని నిలువ చేసుకుంటుంది. పడమటి ముఖం పొద్దుగూకాక కూడా కాలుతూనే ఉంటుంది. కనుక నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కష్టమైన గుండ్లు, ఉదయం పూట పడమటి ముఖాలు, సాయంత్రం తూర్పు ముఖాలు. ఎండాకాలం గోడకు, వ్యాయామానికి.

రెండోది విరామం. శక్తినంతా పెట్టి చేసిన ప్రయత్నం తర్వాత కండరంలోని తక్షణ ఇంధనం చాలావరకు తిరిగి నిండటానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. జారిపడిన కోపంతో అర నిమిషంలో మళ్లీ దూకితే అదే చోట, అంతకన్నా ముందే, జారడం ఖాయం. అరచేతి చర్మం కూడా ఇంధనం లాంటిదే. మన గరుకు రాయి మీద అది ముందు అయిపోతుంది. వేళ్ల చివర్లు గులాబీ రంగుకు తిరిగాయంటే ఆ రోజు కష్టమైన పని ముగిసినట్టే.

మూడోది చదవడం. బూట్లు తొడుక్కోకముందే కింద నిలబడి, ఏ చెయ్యి ఎక్కడ, ఏ కాలు ఎక్కడ అని చేతులు గాల్లో ఆడిస్తూ దారి అల్లుకోవాలి. గుండు వెనక నుంచి పైకి వెళ్లి చివరి అంచును చూడాలి, దుమ్ము దులపాలి, దిగే దారి తెలుసుకోవాలి. కింది సగం రాకపోతే పై సగం విడిగా సాధన చేయాలి. ఎక్కడ జారారో, ఎందుకో రెండు ముక్కలు రాసుకోవాలి.

భద్రతనూ ఈ పక్షమే ఎక్కువ పట్టించుకుంటుంది. పడేటప్పుడు రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి దిగాలి. వెనక్కి చెయ్యి ఆనిస్తే మణికట్టు విరగొచ్చు. పక్కన నిలబడ్డవారి పని పడేవారిని ఎత్తి పట్టుకోవడం కాదు, తల, వెన్ను రాయికి తగలకుండా నడుము పట్టి ప్యాడ్ మీదికి మళ్లించడం. ఎక్కేముందు తేనెతుట్టెల కోసం చుట్టూ ఒకసారి చూడటం మన గుట్టల మీద తప్పనిసరి.

ఒక్క చూపులో

- వేళ్ల పక్షం. బలం: కొలవొచ్చు, ఇంట్లో చేయొచ్చు. బలహీనత: తొందరపడితే గాయం. మన దగ్గర ఎక్కువ పనికొచ్చేది: ముందుకు వంగిన గుండ్లు, సన్నటి అంచులు.
- పాదాల పక్షం. బలం: ఖర్చు లేదు, గాయం తక్కువ. బలహీనత: చూసి చెప్పేవారు కావాలి, ఫలితం నెమ్మది. పనికొచ్చేది: ఏటవాలు పలకలు, మాంటెళ్లు. అంటే మన రాయిలో ఎక్కువ భాగం.
- వేళ పక్షం. బలం: మార్పు ఇవాళే కనిపిస్తుంది. బలహీనత: ఒక హద్దు దాటాక ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ ఉండదు. పనికొచ్చేది: అన్ని చోట్లా.

గోడా, గుట్టా?

మూడు పక్షాలకూ అడ్డంగా మరో తగాదా నడుస్తోంది. లోపలి గోడ మీద పెరిగినవారు గుట్టకు వస్తే తేలిపోతారని ఒక మాట. గోడ లేకుండా పై స్థాయికి పోలేరని ఇంకో మాట. గోడ మీద పట్టులన్నీ రంగుల్లో కనిపిస్తాయి, కాలు ఎక్కడ పెట్టాలో కూడా అదే చెబుతుంది, కింద సమతలమైన పరుపు. గుట్ట మీద పట్టును వెతుక్కోవాలి, కింద రాళ్లు, వేర్లు. అందుకే గోడ చేతులను తయారు చేస్తుంది, కంటికి, పాదానికి పెద్దగా పని పెట్టదు. కానీ మే, జూన్‌లలో, ఉద్యోగాలతో సాయంత్రాలు మాత్రమే దొరికే నగరంలో, గోడను కాదనడం సాధనను కాదనడమే. వారంలో గోడ, వారాంతంలో గుట్ట అన్న రాజీ దగ్గర చాలామంది కుదురుకున్నారు.

ఇంకా తేలని చిక్కులు

ఒకరు కనుక్కున్న కదలికల క్రమాన్ని క్లైంబర్లు బీటా అంటారు. వీడియోలో బీటా చూసి ఎక్కడం తప్పా? చూస్తే త్వరగా ఎక్కుతారు, కానీ రాయిని చదివే కన్ను ఎదగదు. పొట్టివారి దారి పొడవువారికి పనికిరాదు కూడా. మొదటి కొన్ని ప్రయత్నాలు సొంతంగా, ఆ తర్వాతే అడగడం మేలు అనేవారు పెరుగుతున్నారు. ఇది అలవాటే తప్ప నియమం కాలేదు.

ఒకే కష్టమైన గుండును నెలల తరబడి పట్టుకోవాలా, సులువైనవి ఎన్నో ఎక్కాలా? ఫిన్లండ్‌లోని బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్ అనే గుండును క్లైంబర్ నల్లె హుక్కతైవల్ ఏళ్ల తరబడి ప్రయత్నించి 2016లో ఎక్కాడు. ఫాంటెన్‌బ్లో సర్క్యూట్ల స్వభావం దీనికి పూర్తిగా వ్యతిరేకం. రెండిటికీ ఫలితాలున్నాయి, రెండిటినీ ఒకే తక్కెడలో తూచే లెక్క లేదు.

మన రాళ్లకే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. హైదరాబాద్ చుట్టూ, హంపీలోనూ, ఎన్నో గుండ్ల మీద రాయిని చీల్చడానికి ఉలితో వరసగా చెక్కిన గుంతలు కనిపిస్తాయి. వాటిలో వేళ్లు దూరుతాయి. రాయిని చెక్కి పట్టు చేసుకోవడం ఈ ఆటలో మహాపరాధం. మరి ఎవరో పొట్టకూటి కోసం ఎప్పుడో చెక్కిన గుంతను వాడుకోవచ్చా? అది ఆ రాయి చరిత్రలో భాగమని కొందరు, దాన్ని వదిలేసి ఎక్కితేనే లెక్క అని కొందరు.

తూకం

మూడు పక్షాలూ తమ తమ రాయి దగ్గర నిజమే చెబుతున్నాయి. మన గ్రానైట్ మీద, మొదటి రెండు మూడేళ్ల వరకు, వాటి వరస ఇలా ఉండటం సబబు: ముందు వేళ, తర్వాత పాదాలు, చివర వేళ్లు. చలికాలపు ఉదయం, ఐదు నిమిషాల విరామం, బూట్లు తొడిగే ముందు చదవడం ఎవరికీ ఖర్చు కావు. పలకల మీద పాదాల సాధన మన చుట్టూ ఉన్న రాయే నేర్పుతుంది. వేళ్ల కట్లు నెమ్మదిగా బలపడటానికి ఆ రెండు మూడేళ్లూ సరిపోతాయి. ఆ పైన ముందుకు వంగిన గుండ్ల దగ్గర ఆగిపోతే అప్పుడు బోర్డు. వరస తిరగేస్తే నేర్చుకునేది తక్కువ, పోగొట్టుకునేది ఎక్కువ.

అయితే ఈ వాదాలన్నిటికీ ముందు రాయి ఉండాలి. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ కృషితో హైదరాబాద్ వారసత్వ జాబితాలో తొమ్మిది రాతి సముదాయాలకు చోటు దొరికింది. మిగతావి ఇళ్లకు, రోడ్లకు, కంకరకు పోతూనే ఉన్నాయి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో రక్షణ శాఖ భూముల్లోకి అనుమతి లేనిదే వెళ్లరాదు. మౌలాలి మీద దర్గా ఉంది, దాని మర్యాద దానిది. ఎక్కేవాళ్ల ప్రవర్తనే రేపు ఒక గుట్ట తలుపు తెరిచి ఉంటుందా మూసుకుంటుందా అన్నది తేలుస్తుంది.

కనుక దిగాక ఒక్క పని మరవద్దు. మెత్తటి బ్రష్‌తో మీ తెల్లటి పొడి మరకలను పట్టు పట్టుకూ దులిపేసి రండి. రాయి శుభ్రంగా ఉంటుంది. రేపు వచ్చేవారికి మీ చేతుల గుర్తులు ముందే బీటా చెప్పెయ్యవు, వాళ్లు ఆ గుండును తమ కంటితో మొదటి నుంచి చదువుకోగలుగుతారు.